రెండు బస్తాలు, మూడుసార్లు

కొట్టు దగ్గర డబ్బులు పంపుతారు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. కొట్టాయన మీ మొహం చూస్తాడు, మీరు ఫోన్ మొహం చూస్తారు. పోయాయా? పోలేదా? వెనక లైన్లో ఉన్నాయన "మళ్లీ కొట్టు తమ్మీ" అని సలహా ఇస్తాడు. మళ్లీ కొట్టాలంటే వేలు ఆగిపోతుంది. ఆగడమే మంచిది. ఆ మాత్రం తెలివి నేను రాసిన కోడ్‌కు లేకపోయింది.

ఈ కాలమ్‌లో ఎప్పుడూ వేరేవాళ్ల బగ్గుల గురించే చెప్తుంటా. ఈ వారం నాది.

2020 లాక్‌డౌన్‌లో నేను హైదరాబాద్ రూమ్ ఖాళీ చేసి మా ఊరు న్యాల్‌కల్ వచ్చేశా. జహీరాబాద్ నుంచి బీదర్ వైపు పోయేవాళ్లకు మా మండలం తెలిసే ఉంటుంది. కర్ణాటక సరిహద్దు దగ్గరే కాబట్టి ఫోన్ ఒక్కోసారి అటువైపు టవర్‌ను కూడా పట్టుకుంటుంది. ఇంట్లో ఒక గీత సిగ్నల్, డాబా మీద మూడు గీతలు. ఆఫీస్ మీటింగులన్నీ డాబా మీదే, నీళ్ల ట్యాంకు నీడలో.

మా కాకకు పశువుల దాణా దుకాణం ఉంది. తవుడు, పత్తి చెక్క, పల్లి చెక్క, మిక్స్ దాణా. సగం బేరం ఉద్దెరే. పాల పైసలు వచ్చినప్పుడు కొంత కడతారు, మిగతాది దసరాకో దీపావళికో. లెక్కంతా ఎర్ర అట్ట పుస్తకంలో, కాకకు తప్ప ఎవరికీ అర్థం కాని రాతలో ఉండేది. ఖాళీగా ఉన్న ఇంజినీర్ కళ్ల ముందు ఇలాంటి పుస్తకం ఉంటే ఏమవుతుందో మీకు తెలుసు. రెండు వారాల్లో యాప్ రాసేశా. కాక ఫోన్లో పేరు, బస్తాలు కొడితే నేను అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్‌లో ఎంట్రీ పడుతుంది, పచ్చ టిక్కు వస్తుంది. "ఇంక బుక్కు ఎందుకు కాకా" అని ఆ పుస్తకాన్ని అటక మీద పెట్టించింది కూడా నేనే.

దీపావళి ముందు ఒక అవ్వ లెక్క తేల్చుకోవడానికి వచ్చింది. ఆమెకు రెండు బర్రెలు. ఫోన్‌లో చూస్తే ఆరు బస్తాలు, 7,200 రూపాయలు.

"రెండే బస్తాలు తీస్కపోయిన బిడ్డా. ఆరు బస్తాలు నేను ఏడ పెట్టుకుంట?" అంది.

కాక నా వైపు చూశాడు. నేను చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: "సిస్టమ్‌లో తప్పు రాదు అవ్వా."

ఆమె ఇంకో రెండుసార్లు చెప్పింది. అప్పటికే దుకాణంలో నలుగురు చూస్తున్నారు. చివరికి కొంగులో ముడేసుకున్న నాలుగు వేలు తీసి బల్ల మీద పెట్టి, మిగతాది పాల పైసలు వచ్చినంక కడతానని వెళ్లిపోయింది. గొడవ పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే నాకు కాస్త నయంగా ఉండేదేమో.

రాత్రి డాబా మీద కూర్చుని సర్వర్ లాగ్ తీశా. ఆమె పేరు మీద మూడు ఎంట్రీలు, ఒక్కోటి రెండు బస్తాలు. సమయాలు: సాయంత్రం 6:12:04, 6:12:34, 6:13:04. సరిగ్గా 30 సెకన్ల తేడా. మనుషులు అలా దాణా కొనరు. అలా కొనేది నా కోడ్ ఒక్కటే, ఎందుకంటే అందులో టైమ్ అవుట్ 30 సెకన్లని రాసింది నేను.

ఏం జరిగిందో అర్థం కావాలంటే సాకెట్ గురించి కొంచెం చెప్పాలి. మీ ఫోన్లో ఏ యాప్ అయినా నెట్‌లోకి పోయే తలుపు అది. 1983లో బర్క్లీ వాళ్ల 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో బయటికి వచ్చిన ఆ పద్ధతే ఇవాళ్టికీ దాదాపు అన్నిటికీ పునాది. మీరు కోట్లిన్ రాసినా పైథాన్ రాసినా అడుగున ఉండేది అదే: తలుపు తెరువు, కనెక్ట్ అవ్వు, పంపు, అందుకో, మూసెయ్. వీటిలో ప్రతి పనీ ఫెయిల్ కావొచ్చు. ఫెయిలైన ప్రతిసారీ ఒక పేరు వస్తుంది. చాలామంది ఆ పేరు చదవరు. నేనూ చదవలేదు. అన్నిటినీ ఒకే ఎక్సెప్ట్‌లో పడేసి "మూడుసార్లు మళ్లీ ప్రయత్నించు" అని రాసి చేతులు దులుపుకున్నా.

కానీ ఆ పేర్లు చెప్పే కథలు వేరువేరు. ఫోన్ కాల్ అనుకోండి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే అవతల మెషిన్ ఉంది, కానీ ఆ నంబర్ దగ్గర ఎత్తేవాడు లేడు, ఆ సంగతి వెంటనే చెప్పేసింది. ఇది నిజానికి మర్యాదస్తుడైన ఎర్రర్. మీ డేటా ఒక్క అక్షరం కూడా పోలేదని గ్యారంటీ, కాసేపాగి హాయిగా మళ్లీ ప్రయత్నించొచ్చు. సర్వర్ పేరుకు అడ్రస్ దొరకని డీఎన్ఎస్ ఎర్రర్ కూడా అంతే, అసలు ఇల్లే దాటలేదు. "కనెక్షన్ రీసెట్ బై పీర్" అంటే మాట్లాడుతుండగా అవతలివాళ్లు ఠక్కున పెట్టేశారు. మీరు చెప్పింది విన్నాక పెట్టేశారా, వినకముందా? తెలియదు. "బ్రోకెన్ పైప్" అంటే పెట్టేసిన ఫోన్లో మీరింకా మాట్లాడుతున్నారు. (సీ భాషలో రాసేవాళ్లకు ఒక మాట: దీన్ని పట్టించుకోకపోతే సిగ్‌పైప్ అనే సిగ్నల్ వచ్చి ప్రోగ్రామ్ మొత్తం చప్పుడు లేకుండా చచ్చిపోతుంది. రాత్రి నడుస్తున్న సర్వర్ పొద్దున లేకపోతే మొదట దీన్ని అనుమానించండి.) ఇక రిసీవ్ పిలిస్తే సున్నా బైట్లు రావడం ఎర్రరే కాదు. "నా మాట అయిపోయింది, ఉంటా" అని అవతలి వైపు మర్యాదగా చెప్పడం. అది తెలియక సున్నా బైట్లనే లూప్‌లో చదువుతూ బ్యాటరీ తాగేసే ప్రోగ్రామ్‌లు చాలా చూశా.

అసలు ప్రమాదం వీటిలో ఏదీ కాదు. నిశ్శబ్దం. టైమ్ అవుట్.

మీరు పంపారు, జవాబు రాలేదు. మీ మాట దారిలో పోయిందా? చేరి, పని కూడా అయ్యి, జవాబు తిరిగి వస్తూ పోయిందా? లేక జవాబు ఇంకా తయారవుతోందా? ఫోన్ వైపు నుంచి చూస్తే ఈ మూడూ అచ్చం ఒకేలా ఉంటాయి. ఎంత తెలివైన కోడ్ రాసినా ఇక్కడ కూర్చుని తేడా చెప్పలేం. కంప్యూటర్ సైన్స్‌లో దీనికి దగ్గరి చుట్టం "ఇద్దరు సేనాధిపతుల సమస్య". 1978లో జిమ్ గ్రే దానికి ఆ పేరు పెట్టారు. మధ్యలో శత్రువు ఉండగా వార్తాహరులతో కబుర్లు పంపుకునే ఇద్దరు సేనాధిపతులు, ఎన్నిసార్లు "అందింది" అని చెప్పుకున్నా, ఆ చివరి "అందింది" అందిందో లేదో ఎవరికీ ఖాయంగా తెలియదు.

మా కాక దుకాణంలో జరిగింది మూడో రకం. నా సర్వర్ ఎంట్రీ రాసుకోగానే, జవాబు పంపేముందు, లెక్కల పుస్తకం మొత్తాన్ని బ్యాకప్ తీసేది. జూన్‌లో పుస్తకం చిన్నది, రెండు సెకన్లలో అయిపోయేది. సెప్టెంబరుకు పెద్దదయింది. ఆ చవక సర్వర్ మీద కొన్ని రోజులు 30 సెకన్లు దాటేది. ఫోన్ ఏమనుకుంది? ఎంట్రీ పడలేదు అనుకుంది. మళ్లీ పంపింది. మళ్లీ పడింది. మూడోసారి జవాబు టైంకి వచ్చింది. తెర మీద పచ్చ టిక్కు. కాక సంతోషం. అవ్వ ఖాతాలో ఆరు బస్తాలు.

అంటే నా కోడ్ చేసిన తప్పు ఎర్రర్‌ను పట్టుకోకపోవడం కాదు. పట్టుకుంది, చక్కగా పట్టుకుంది. "జవాబు రాలేదు" అన్నదాన్ని "పని కాలేదు" అని చదువుకుంది. ఈ రెంటికీ మధ్య ఆ అవ్వ 4,800 రూపాయలు ఉన్నాయి.

ఆ రాత్రే మొత్తం వెతికితే ఇంకో 13 మంది ఖాతాల్లో అదే కథ. అందులో కొంతమంది అప్పటికే కట్టేశారు. ఒక్కరూ అడగలేదు. మెషిన్ చెప్పింది కాబట్టి తమకే గుర్తులేదేమో అనుకున్నారు. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ కుదిపింది.

సరే, మందు సంగతికి వద్దాం. మొదటిది చాలా సింపుల్. దీన్ని "ఐడెంపొటెన్సీ" అనే నోరు తిరగని పేరుతో పిలుస్తారు. అర్థం ఇంతే: అదే మాట పదిసార్లు చెప్పినా పని ఒక్కసారే జరగాలి. లిఫ్ట్ బటన్ లాగా, ఎన్నిసార్లు నొక్కినా లిఫ్ట్ ఒకటే వస్తుంది. దీనికోసం కాక బటన్ నొక్కగానే, నెట్‌లోకి పోకముందే, ఫోనే ఆ ఎంట్రీకి ఒక ప్రత్యేకమైన నంబర్ వేస్తుంది. యూయూఐడీ అంటారు, 128 బిట్ల పొడవు. మళ్లీ పంపినప్పుడు కొత్త నంబర్ కాదు, అదే నంబర్. సర్వర్ దగ్గర ఆ నంబర్ ఇప్పటికే ఉంటే కొత్తగా రాయదు, "నీ పని అయింది" అని పాత జవాబే ఇస్తుంది. డేటాబేస్‌లో ఆ కాలమ్‌కు యూనిక్ అని పెట్టండి, చాలు. ముందు ఉందో లేదో చూసి తర్వాత రాద్దాం అనే తెలివి చూపించకండి. రెండు రిక్వెస్టులు ఒకేసారి వస్తే రెండూ "లేదు" అనే చూస్తాయి. డబ్బుల వ్యవహారం నడిపే పెద్ద కంపెనీల్లోనూ ఇదే పద్ధతి. స్ట్రైప్ ఏపీఐలో దీనికోసం ఒక హెడరే ఉంది.

మనం రోజూ వాడే యూపీఐలోనూ ప్రతి లావాదేవీకి ఒక రిఫరెన్స్ నంబర్ ఉంటుంది. అందుకే చక్రం తిరిగి తిరిగి "పెండింగ్" అని ఆగుతుంది, "ఫెయిల్" అని అబద్ధం చెప్పదు. నాకు ఆ పెండింగ్ అనే మాట మీద గౌరవం పెరిగింది. తెలియనిదాన్ని తెలియదు అని చెప్పే సాఫ్ట్‌వేర్ తక్కువ. ఒకవేళ మీ ఖాతాలో కట్ అయి అవతలి మనిషికి చేరకపోతే, రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశాల ప్రకారం మరుసటి రోజులోపు తిరిగి రావాలి. దుకాణాలకు చేసే చెల్లింపులకైతే ఐదు రోజుల గడువు. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. కాబట్టి పెండింగ్ చూసి కంగారుగా మళ్లీ కొట్టకండి. ఆ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

రెండోది, ఎంతసేపు ఆగాలి? ఇది మీరు చెప్పకపోతే ఎవరూ చెప్పరు. చాలాకాలం లినక్స్‌లో కనెక్ట్ కావడానికి మామూలు సెట్టింగ్ ఏంటంటే, జవాబు లేకపోతే 1 సెకను, 2, 4, 8, 16, 32, 64 ఇలా ఆగుతూ అడిగి, మొత్తం 127 సెకన్లకు వదిలేయడం. కనెక్ట్ అయ్యాక పంపిన డేటాకు అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే వదిలేయడానికి పావుగంట దాకా పడుతుంది. ఏమీ పంపకుండా ఊరికే వింటూ కూర్చున్న సాకెట్ అయితే, కీప్అలైవ్ ఆన్ చేసినా మొదటి పలకరింపు రెండు గంటల తర్వాతే. పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీకి మీరు టైమ్ అవుట్ ఇవ్వకపోతే అసలు గడువే లేదు, కూర్చునే ఉంటుంది. దుకాణంలో నిలబడ్డ మనిషికి పది సెకన్లే ఎక్కువ. అందుకే కనెక్ట్‌కు వేరే గడువు, జవాబుకు వేరే గడువు మీరే రాసుకోవాలి.

ఆ 1, 2, 4, 8 చూశారు కదా, దాని వెనక ఒక కథ ఉంది. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్లీ ల్యాబ్‌కూ పక్కనే ఉన్న బర్క్లీ యూనివర్సిటీకీ మధ్య నెట్ పడకేసింది. దూరం 400 గజాలు. సెకనుకు 32 వేల బిట్లు పోవాల్సిన చోట 40 బిట్లు పోయాయి. 40 వేలు కాదు, నలభై. దారి రద్దీగా ఉంది, ప్యాకెట్లు పోతున్నాయి, పోయాయని అందరూ మళ్లీ పంపుతున్నారు, దాంతో రద్దీ ఇంకా పెరుగుతోంది. జాతరలో ఇరుకు గేటు దగ్గర అందరూ ఒకేసారి తోసుకున్నట్టు. వాన్ జేకబ్సన్ అనే పరిశోధకుడు దీన్ని తవ్వి, 1988లో పేపర్ రాశారు. జవాబు రాకపోతే గట్టిగా అరవడం కాదు, వెనక్కి తగ్గాలి అన్నది అందులోని సారం. ఇవాళ మీ రీల్స్ నడుస్తున్నాయంటే టీసీపీకి ఆయన నేర్పిన ఆ మర్యాద ఒక కారణం.

కింద టీసీపీ మర్యాదగా ఉన్నా, పైన మన యాప్ 30 సెకన్లకొకసారి తలుపు బాదితే లాభం లేదు. ప్రతి ఫెయిల్‌కూ ఆగే సమయం రెట్టింపు చేయాలి, ఒక హద్దు దాటాక ఆపేయాలి. దానికి కొంచెం లాటరీ కూడా కలపాలి. ఎందుకంటారా? మా ఊళ్లో కరెంటు పోయి వచ్చిందనుకోండి, అన్ని రౌటర్లూ ఒకే క్షణంలో లేస్తాయి, అన్ని యాప్‌లూ ఒకేసారి పరిగెడతాయి. అందరూ సరిగ్గా 2 సెకన్లు, సరిగ్గా 4 సెకన్లు ఆగితే మళ్లీ మళ్లీ ఒకేసారి గుద్దుకుంటారు. ఒకడు 1.3, ఇంకొకడు 3.7 ఆగితే సర్వర్ ఊపిరి పీల్చుకుంటుంది. దీన్నే జిట్టర్ అంటారు.

అన్నట్టు, ప్రతిదానికీ జవాబు అక్కర్లేదు కూడా. మా పక్కనున్న ఝరాసంగం మండలం మాచనూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో ఉంది, 2008లో మొదలైంది. వాళ్లు మాట్లాడతారు, ఎవరికి అందిందో ఎదురుచూడరు. నెట్‌లో దానికి సమానమైనది యూడీపీ. వాతావరణం, వీడియో కాల్ లాంటివాటికి అది చాలు, ఒక ముక్క పోతే పోయింది. ఉద్దెర ఖాతాకు మాత్రం పనికిరాదు.

ఇంతా చేసి చివర్లో మనిషికి ఏం చెప్తారన్నది మిగిలింది. "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అనే వాక్యం రాసేవాళ్లంటే నాకు కోపం. ఏది రాంగ్? నేనేం చేయాలి? నా మొదటి యాప్‌లో రెండే రంగులు ఉండేవి, పచ్చ, ఎరుపు. ఇప్పుడు పసుపు కలిపా. పసుపు అంటే: "మీ ఎంట్రీ ఈ ఫోన్‌లో భద్రంగా ఉంది, సర్వర్ నుంచి ఇంకా కబురు రాలేదు, మీరు మళ్లీ కొట్టనక్కర్లేదు." ఫోన్ ముందు తన దగ్గరే రాసుకుంటుంది, సిగ్నల్ దొరికినప్పుడు పంపుతుంది, అదే నంబర్‌తో. పాస్‌వర్డ్ తప్పు లాంటి, ఎన్నిసార్లు అడిగినా మారనివాటికే ఎరుపు. బ్యాకప్‌ను జవాబు దారిలోంచి తీసేసి అర్ధరాత్రికి మార్చానని వేరే చెప్పక్కర్లేదు కదా.

మీరు ప్రాజెక్టులు చేసేవాళ్లయితే దీన్ని టెస్ట్ చేయడం తేలిక. విమానం మోడ్ ఆన్ చేసి చూడటం అందరూ చేస్తారు, కానీ అది సగమే. సర్వర్ కోడ్‌లో, డేటాబేస్‌లో రాసేశాక, జవాబు పంపే ముందు ఒక 40 సెకన్ల నిద్ర పెట్టండి. ఇప్పుడు ఫోన్ నుంచి ఒకసారి బటన్ నొక్కి, టీ తాగి వచ్చి, ఎన్ని ఎంట్రీలు పడ్డాయో లెక్కపెట్టండి. నేను ఆ పని జూన్‌లో చేసి ఉంటే సరిపోయేది. కాలేజీ వైఫైలో, ఆఫీస్ ఫైబర్ మీద కోడ్ రాస్తాం కాబట్టి నెట్‌వర్క్ అంటే పైపులో నీళ్లలా వస్తుందనుకుంటాం. ఒక్కరోజు డాబా దిగి ఇంట్లోకి వచ్చి, ఒక్క గీత మీద మీ యాప్ వాడి చూడండి.

మర్నాడు పొద్దున కాక అటక మీంచి ఎర్ర పుస్తకం దింపి, నన్ను బండి ఎక్కించుకుని 14 ఇళ్లూ తిప్పాడు. కట్టినవాళ్లకు ఎక్కువ తీసుకున్నది తిరిగి ఇచ్చాం, కట్టనివాళ్లకు లెక్క సరిచేసి చెప్పాం. కొందరు నవ్వారు. ఒకాయన "ఫోన్ గూడ తప్పు జేస్తదా?" అని నిజంగా ఆశ్చర్యపోయాడు. అవ్వ ఇంటికి చివర్లో వెళ్లాం. ఆమెకు రావాల్సింది 1,600. కాక పైసలు చేతిలో పెడితే లెక్కపెట్టుకుని కొంగులో ముడేసుకుంది. తర్వాత నా వైపు చూసి, "రెండంటె ఇనకపోతివి గద బిడ్డా" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ యాప్ ఇప్పటికీ నడుస్తోంది, పక్కన ఎర్ర పుస్తకం కూడా. అవ్వ దాణాకు వస్తే బస్తాలు బండి మీద వేయించుకుని వెంటనే పోదు. స్టూల్ మీద కూర్చుంటుంది. సిగ్నల్ లేని రోజుల్లో చాలాసేపే కూర్చోవాల్సి వస్తుంది. మధ్య మధ్యలో కాకను అడుగుతుంది, "పచ్చగైందా?" అని.

"ఇంక పసుపే ఉన్నదవ్వా."

"అయితె కూసుంట తియ్యి."